నీళ్లలో ఉన్న ఆఫీసుకు ఒక అర్జీ

పల్నాడు జిల్లా.

భదంత చందముఖ థేరులు, భదంత ధమ్మనంది థేరులు, భదంత నాగ థేరుల వారి సముఖమునకు,
నవకర్మికులు, కట్టడాలు మరియు మరమ్మతుల శాఖ,
శ్రీపర్వతం, పాత విజయపురి.

విషయం: శాఖా గ్రంథాలయం – స్లాబు కారుట – స్థలము చాలకపోవుట – తగు చర్య కోరుట – గురించి.

సూచిక: మాఠరీపుత్ర వీరపురుషదత్త మహారాజుల వారి 14వ పాలనా సంవత్సరమున తమరి పర్యవేక్షణలో జరిగిన పనులు.

అయ్యలారా,

పై విషయమై తమరికి విన్నవించుకొనునది ఏమనగా... ఈ ముక్క లేకపోతే మా దగ్గర అర్జీ కిందే లెక్క కాదు, అందుకని రాశాను. ఇక మామూలుగా మాట్లాడుకుందాం.

పదిహేడు వందల ఏళ్ల కిందట పని ముగించుకుని వెళ్లిపోయిన మాకు ఈ అర్జీ ఏమిటని మీరు విస్తుపోవచ్చు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లకు రాసి చూశామండీ. ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని జవాబొస్తుంది. ఎవరికి పంపారో వాళ్లూ తగు చర్య నిమిత్తం ఇంకొకరికి పంపుతారు. అలా వెళ్లిన కాగితం ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, ఆగిన చోటే ఉండిపోతుంది. మీ ఆఫీసు నాగార్జునసాగర్ నీళ్లలో ఉందని నాకు తెలియక కాదు. జలాశయం నిండినప్పుడు నీటిమట్టం 590 అడుగులు, మీ విహారాల పునాదులు ఆ అడుగున ఉన్నాయి. అయితే నీటి చుక్క అంటని ఆఫీసుల్లోనే ఫైళ్లు మునిగిపోతుంటే, మునిగిన ఆఫీసును నమ్ముకోవడంలో నాకు వింతేమీ కనబడలేదు.

పైగా మీ పనితనానికి రాతిలో సాక్ష్యం ఉంది. గోవగ్రామం నుంచి వచ్చిన బోధిశ్రీ అనే ఉపాసిక చిన్న ధర్మగిరి మీద చైత్యగృహం కట్టించి, తాను ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో గుడి నేలలో పరిచిన బండల మీద చెక్కించింది. ఆ శాసనాన్ని వోగెల్ అనే డచ్చి పండితుడు 1929-30 నాటి ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చు వేయించాడు. మహా ధర్మగిరి మీద ఒక గది, హిరుముఠువలో మూడు, పాపిలలో ఏడు, పూర్వశైలంలో ఒక చెరువూ వరండాతో మండపమూ, ఘంటసాల మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. తామ్రపర్ణి ద్వీపం నుంచి, అంటే లంక నుంచి, వచ్చిన థేరుల కోసం ఆ చైత్యగృహం. ఒక్క గృహిణి కట్టించిన గదులే పదకొండు! మేం ఏళ్ల తరబడి అడుగుతున్నది ఒక్క గది.

గదులన్నీ చెప్పాక శాసనం చివర మీ ముగ్గురి పేర్లూ ఉన్నాయి, ఈ పని చేయించింది వీళ్లని. ఆ తర్వాత రాతి పనివాడి పేరు విధికుడని కూడా ఉంది. దాన్ని చదివినప్పటి నుంచే మీకు రాయాలని అనుకుంటున్నాను. మా కాలంలోనూ శిలాఫలకాలు లేకపోలేదు. మీకంటే ఎక్కువే ఉన్నాయి. శంకుస్థాపనకు ఒకటి, ప్రారంభోత్సవానికి ఒకటి, ప్రభుత్వం మారితే మళ్లీ ఒకటి. వాటి మీద ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, అధ్యక్షులు, సభాధ్యక్షులు అందరూ ఉంటారు. తాపీమేస్త్రీ పేరు ఉన్న ఫలకం నేనింతవరకు చూడలేదు. పేరు ఉంటే వాన పడ్డప్పుడు జనం వెళ్లి అడిగేది ఆయన్నే. ఆ భయం ఉన్నవాడు తూము మూసుకుపోయేలా స్లాబు పోయడు.

ఇక మా లైబ్రరీ సంగతి. పల్నాడులో ఏ ఊరిదో చెప్పను. చెబితే మెమో వెళ్లేది పైనున్న ఇంజినీరుకు కాదు, కింద తడుస్తున్న లైబ్రేరియన్‌కి. ఆ మనిషి మీద నాకు గౌరవం. ఉన్నది ఒక హాలు, దాని వెనక బీరువాలు పట్టే చిన్న గది, ముందు మెట్లు. ప్రాజెక్టు కట్టే రోజుల్లో ఈ చుట్టుపక్కల లేచిన కట్టడాలన్నిటిలాగే దానికీ వయసు మీద పడింది. పిట్టగోడ మూల, నీళ్లు బయటికి పోయే తూము దగ్గర, ఒక రావి మొక్క మొలిచింది. మొలిచినప్పుడు వేలెడంత. పీకడానికి నిచ్చెన కావాలి, నిచ్చెనకు మంజూరు కావాలి. ఇప్పుడు ఆ కొమ్మ మీద కాకులు కూర్చుంటున్నాయి. రావి చెట్టంటే మీకు బోధివృక్షం కాబట్టి బహుశా సంతోషిస్తారు. బోధిశ్రీ గారు సింహళ విహారంలో బోధివృక్షానికి విడిగా గుడి కట్టించింది. మావాళ్లు గ్రంథాలయాన్నే ఇచ్చేశారు.

దాని వేళ్లు తూములోకి దిగాయి. వాన నీళ్లు పోయే దారి లేక స్లాబు మీదే నిలుస్తాయి, నిలిచి లోపలికి ఇంకుతాయి, ఇనుప చువ్వలను పట్టుకుంటాయి. మీ కాలంలో కట్టడాల్లో చువ్వలు పెట్టేవాళ్లు కాదు కనుక చెబుతున్నాను: తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది. ఉబ్బి తన కిందున్న కాంక్రీటును పెచ్చులు పెచ్చులుగా తోసేస్తుంది. మా హాల్లో నవలల బీరువా పైన అరచేతి మందాన పెచ్చు ఊడి, లోపలి చువ్వ ఎర్రగా కనబడుతోంది. అది రాలింది రాత్రి పూట కాబట్టి బతికిపోయాం. పగలైతే సరిగ్గా దాని కిందే ఈనాడు చదివే పెద్దాయన కూర్చుంటాడు. ఆయన ఆ కుర్చీ మారడు. మొగులు పట్టిందంటే లైబ్రేరియన్ బీరువాలను గోడ వారకు లాగి, పైన టార్పాలిన్ పట్టా కప్పుతాడు. కల్లాల్లో మిర్చి మీద కప్పే పట్టా అది, ఒక రైతు ఇచ్చాడు. పుస్తకం తెరిస్తే ఇప్పటికీ ఘాటు వస్తుంది. తుమ్ముతూ చదివేవాళ్లను చూసి కొత్తవాళ్లు కథలో ఏదో కరుణరసం ఉందనుకుంటారు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. వాటికి ముందు గోడలకు సున్నం వేయిస్తారు. పసుపు మచ్చలు తెల్లబడతాయి, వక్తలు వచ్చి పుస్తకం హస్తభూషణమని చెప్పి వెళతారు, మొదటి తుపానుకు మచ్చలు మళ్లీ హాజరు. పిడుగురాళ్ల సున్నాన్ని నేను తప్పు పట్టను. ఈ జిల్లాలో దొరికేదే అది, మంచిదే. కానీ దాన్ని వేయాల్సింది గోడకు కాదు, స్లాబు పైన. సున్నమూ ఇటుక ముక్కలూ కలిపి, దిమ్మిసతో కొట్టి, తూము వైపు వాలు పెట్టి వేస్తే నీళ్లు నిలవవని పాత మేస్త్రీలు ఇప్పటికీ చెబుతారు. పరవడానికి మాచర్ల నాపరాయి ఉంది. మీరు శిల్పాలు చెక్కించింది కూడా ఈ పల్నాటి సున్నపురాయిలోనే కదా. అంటే సరుకంతా ఇంటి ముందే ఉంది. లేనిది అంచనా. అంచనా వేయాలంటే ఏఈ గారు రావాలి, డీఈ గారు చూడాలి, సాంకేతిక అనుమతి, పరిపాలనా అనుమతి రావాలి. అవన్నీ వచ్చేసరికి రేట్లు మారతాయి, మళ్లీ అంచనా. ఎలాగో టెండరు దాకా వెళితే, ఇంత చిన్న పనికి ఎవరొస్తారండీ అని గుత్తేదారులు నవ్వుతారు. మా రోగం కాస్త పెద్దదై ఉంటే వైద్యం దొరికేదన్నమాట.

ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్ ఆచార్య నాగార్జునుడి కోసం ఒక రాజు కొండలో తొలిపించిన అయిదంతస్తుల విహారం గురించి రాశాడు. పై అంతస్తులో నాగార్జునుడు బుద్ధ వచనాలనూ బోధిసత్త్వుల గ్రంథాలనూ భద్రపరిచాడట. ఆ కొండ మన నాగార్జునకొండేనా కాదా అన్నది పండితులు తేల్చుకోలేదు. ఎక్కడిదైతేనేం, పుస్తకాలన్నీ పై అంతస్తులో పెట్టారంటే వాళ్లకు కప్పు మీద ఎంత నమ్మకం!

కారడం సగం కథే. మిగతా సగం, జనం పట్టకపోవడం. లైబ్రరీలు ఖాళీగా ఉంటున్నాయి, ఎవరూ చదవడం లేదు అని ఏసీ గదుల్లో బాధపడేవాళ్లు ఒక్కసారి ఉదయం ఎనిమిదికి మా మెట్ల దగ్గరకు రావాలి. తలుపు తీయకముందే మెట్ల మీద సంచులు వరసలో ఉంటాయి. సంచి పెట్టినవాళ్లదే కుర్చీ. 2025లో 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వచ్చినప్పటి జాతర చెప్పనలవి కాదు. డీఎస్సీ కాకపోతే గ్రూప్స్, గ్రూప్స్ కాకపోతే కానిస్టేబుల్, అదీ కాకపోతే రైల్వే. ఇంట్లో ఒకే గది, అందులో టీవీ, ఆ పక్కన మంచాన పడ్డ నాయనమ్మ. చదువుకోవడానికి వీళ్లకు లైబ్రరీ తప్ప ఇంకో చోటు లేదు. చాలామంది మా పుస్తకాలు ముట్టరు, తమ మెటీరియల్ తామే తెచ్చుకుంటారు. దీనికి లైబ్రరీ ఎందుకు అని ఒక పెద్దమనిషి నన్నడిగాడు. నిశ్శబ్దంగా ఉండే చోటు, పైన తిరిగే ఫ్యాను, పక్కన తనలాగే కుస్తీ పడుతున్న ఇంకో మనిషి, ఈ మూడూ ఇవ్వడం లైబ్రరీ పని కాదని ఎవరన్నారు?

కుర్చీలు నిండాక చాపలు పరుస్తారు. బ్రహ్మనాయుడు మాచర్లలో కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని మా పల్నాటి గొప్ప. ఇప్పుడు జరుగుతున్నది చాపచదువు. ఇందులో నాకు ఒకటి నచ్చింది, ఒకటి నచ్చలేదు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరికీ పట్టకపోవడం నచ్చింది. పత్రికలు చదివే ముసలివాళ్లు, కథల పుస్తకాల కోసం వచ్చే చిన్నపిల్లలు ఆ చాపలు దాటలేక గుమ్మంలోంచే వెనక్కి వెళ్లడం నచ్చలేదు. ఆడపిల్లల కష్టం వేరు. మరుగుదొడ్డి ఉంది, దానికి తలుపు ఉంది, తలుపుకు తాళం ఉంది, లోపల నీళ్లు లేవు. అందుకని వాళ్లు ఇంటి నుంచి నీళ్లు తాగకుండా వస్తారు, తొందరగా వెళతారు. కుర్చీ బదులు బల్లపీట అయినా సర్దుకుంటారు గానీ దీనికి సర్దుబాటు ఏముంటుంది? మీ విహారాలు తవ్వినప్పుడు స్నానాల గదులు, మురుగు కాలువలు కూడా బయటపడ్డాయి. సన్యాసులకు తట్టిన సంగతి మాకు తట్టలేదు.

మద్రాసులో ఎస్.ఆర్. రంగనాథన్ గారని ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. లైబ్రేరియన్‌గా మారి, 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. అయిదోది, గ్రంథాలయం పెరిగే ప్రాణి అని. పుట్టినప్పటి చొక్కాతోనే పెరగమంటే ఎలాగో ఆయన చెప్పలేదు, అలా అడిగేవాళ్లుంటారని అనుకుని ఉండరు. మా దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. పెరగడమే తప్ప తరగడానికి దారి లేదు. చెదలు తిని అట్ట మాత్రమే మిగిలిన పుస్తకాన్ని లెక్కలోంచి తీయాలన్నా పైనుంచి అనుమతి రావాలి. రాకుండా తీస్తే ఆడిట్‌లో దాని ఖరీదు ఎవరి జీతంలోంచి పోతుందో లైబ్రేరియన్‌కి తెలుసు. అందుకని చనిపోయిన పుస్తకాలు మూడు బీరువాల్లో బతికున్నట్టే ఉన్నాయి. ఆ మూడూ కదిలితే ఎనిమిది కుర్చీలు పడతాయి. ఇక హాలు తెరిచేది పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు. మధ్యలో తాళం. పిల్లలు ఎండలో మెట్ల మీద, ఖాళీ హాలు నీడలో. కాబట్టి స్థలం లేదనే మాటలో కొంత మేమే చేసుకున్నది ఉందని ఒప్పుకోవాలి. ఇంకొక మనిషిని వేస్తే, ఇటుక పేర్చకుండానే హాలు రెండింతలవుతుంది.

డబ్బు లేదంటారు. అది నిజం కాదు, నిజం దానికి దగ్గర్లో ఎక్కడో ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను మేం కడుతున్నాం. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. రాష్ట్రమంతటా ఈ బకాయిల గొడవ ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. వీధి దీపాలకో, మోటార్లకో, జీతాలకో అవసరం పడుతుంది, పుస్తకాల డబ్బు నోరు లేనిది కాబట్టి ముందు అదే వెళుతుంది. మీ కాలంలో అక్షయనీవి అని ఉండేది. సొమ్ము శ్రేణుల దగ్గర నిలవ పెడితే, అసలు ముట్టుకోకుండా వడ్డీతో ధర్మకార్యం నడిపేవాళ్లు. విజయపురిలో తమలపాకుల వాళ్లకూ మిఠాయి వాళ్లకూ కూడా శ్రేణులు ఉండేవని చరిత్ర పుస్తకాల్లో చదివాం. కిళ్లీ కొట్టు వాళ్ల మాట మీద మీరు నమ్మకంగా సొమ్ము పెట్టుకోగలిగారు. మేం చట్టం చేసుకుని కూడా నమ్మలేకపోతున్నాం. మీ శ్రేణి పెద్దలు ఎవరైనా ఖాళీగా ఉంటే ఆ ఎనిమిది పైసల లెక్క చూసిపెట్టమని అడగండి.

సర్కారు మీదే పడి ఏడవడం మా తాతలకు లేదని కూడా చెప్పాలి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టేనాటికి చట్టమూ లేదు, పన్నూ లేదు. 1918లో వేటపాలెంలో కుర్రాళ్లు మొదలుపెట్టిన సారస్వత నికేతనం ఇప్పటికీ పాత పత్రికలు వెతుక్కునేవాళ్లకు దిక్కు. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. ఒడ్డున ఊరొస్తే పుస్తకం ఇవ్వడం, తిరుగు ప్రయాణంలో తీసుకోవడం. విజయపురి సౌత్‌లో నాగార్జునకొండకు లాంచీలు పోయే రేవు ఉంది. భవనం కుదరకపోతే ఒక పాత లాంచీ అయినా ఇప్పించండి. కింద నీళ్లున్నా ఫరవాలేదు, పైన కప్పు గట్టిగా ఉంటుంది.

ఇప్పుడు అసలు మాట. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నీళ్లొస్తే మీ ఊరు మునుగుతుంది. అప్పుడు ఈ దేశం ఏం చేసిందో మీకు తెలియాలి. తినడానికి గింజలు చాలని రోజులవి. అయినా పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వింది. ముఖ్యమైన కట్టడాలను ఊడదీసి, కొన్నింటిని కొండపైన, కొన్నింటిని ఇక్కడికి దగ్గర్లోని అనుపులో మళ్లీ పేర్చింది. మీ మెట్ల రంగస్థలాన్ని అనుపులో ఇవాళ కూడా చూడొచ్చు. కొండ మీద మ్యూజియం 1966లో తెరిచారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మునిగే ఊరి జ్ఞాపకాన్ని కొండెక్కించడానికి ఈ దేశం దగ్గర మనుషులున్నారు, డబ్బుంది, ఓపికుంది. కుడి కాలువ 203 కిలోమీటర్లు తవ్వి నీళ్లు వెళ్లాల్సిన చోటికి వెళ్లేలా చేసిన ఇంజినీర్లున్నారు. వాళ్ల వారసులకు స్లాబు మీద నీళ్లను నాలుగు అడుగుల దూరంలోని తూములోకి పంపడం రాదంటే నేను నమ్మను. 2023 నవంబరు చివర్లో డ్యామ్ మీద పదమూడో గేటు దగ్గర ముళ్లకంచె వేసుకుని, గేట్లు సగం మావని ఆంధ్ర వాళ్లు రాత్రికి రాత్రి బలగాలతో దిగారు, తెలంగాణ వాళ్లు తమ బలగాలతో ఎదురు నిలిచారు. నీటి చుక్క కోసం అంత పౌరుషం ఉన్నవాళ్లే. మా చుక్కల్ని మాత్రం ఎవరూ మావి అనరు.

నాకు కొత్త భవనం అక్కర్లేదు. ఇది కోపంతో అంటున్నది కాదు. కొత్త భవనం అనగానే ఊరి చివర స్థలం చూస్తారు, ఆర్భాటంగా డిజిటల్ అని పేరు పెడతారు, శంకుస్థాపన రాయి నాటుతారు. ఆ రాయి చుట్టూ పిచ్చి చెట్లు మొలుస్తాయి. ఈలోగా పాతదానికి ‘కొత్తది వస్తోంది కదా’ అని పైసా ఇవ్వరు. ఊరి మధ్యలో, సైకిలు మీద రాగలిగిన చోట ఉన్నదాన్ని వదలొద్దు. రావి మొక్కను వేళ్లతో పీకించి స్లాబుకు పని చేయిస్తే మొదటి వానకే సగం బాధ పోతుంది. మెట్ల పక్కన ఖాళీ జాగాలో వరండా దించి, దాని మీద రేకులైనా సరే వేస్తే చాపలన్నీ అక్కడికి వస్తాయి. మరుగుదొడ్డికి నీళ్లు ఇవ్వండి, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. 1972లో కలకత్తాలో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్‌కు లైబ్రరీల స్థలం పెంచడానికి కూడా సాయం చేసే పథకం ఉంది. రాష్ట్రం తన వాటా వేస్తేనే వాళ్లు తమది వేస్తారు. ఇక్కడే ప్రతిసారీ ఎవరు ముందు జేబులో చెయ్యి పెట్టాలన్నది తేలదు. మీరు కాస్త పెద్దరికం వహించి తేల్చాలి.

విధికుణ్ణి కూడా వెంట తీసుకురండి. కూలి రోజుకూలి రేటే ఇస్తారు, బిల్లు మార్చిలో అవుతుందో ఏప్రిల్‌కు జారుతుందో మాట ఇవ్వలేను. పని పూర్తయ్యాక ఫలకం మీద ఆయన పేరు అందరికంటే పైన చెక్కిస్తాం, అతిథుల పేర్లకు చోటు మిగిలితే చూద్దాం.

ఇట్లు
భవదీయుడు,
పట్టా కింద కూర్చునే ఒక పాఠకుడు.

ప్రతులు: ఉపాసిక బోధిశ్రీ గారికి, పన్నెండో గది విషయమై సానుభూతితో పరిశీలించ ప్రార్థన.
రాతి పనివాడు విధికుడికి, సమాచారం నిమిత్తం.
లైబ్రరీ నోటీసు బోర్డుకు, గోడ ఆరిన తర్వాత.

మనవి: తనిఖీకి శుక్రవారం రావొద్దు, లైబ్రరీకి వారపు సెలవు. మిగతా ఏ రోజైనా పర్వాలేదు గానీ, ఎనిమిదిలోపే వచ్చి మెట్ల మీద సంచి పెట్టుకోండి.